తాళపుచెవుల లెక్క

మన తాతల కాలమున గ్రామపు భూముల లెక్క యంతయు పట్వారీగారి యింట ఒక పెట్టెలో నుండెడిది. పహాణీలు, రసీదులు మొదలగు కాగితములను గుడ్డలో మూటగట్టి ఆ పెట్టెయందుంచి తాళము వేయుచుండిరి. రైతు తన పొలము తనదేయని చూపుకొనవలెనన్న ఆ పెట్టె తెరువవలసినదే. దాని తాళపుచెవి యెవరి మొలత్రాటికున్నదో ఊరివారందరు నెరుగుదురు. నేడు పట్వారీలు లేరు, ఆ పెట్టెలును లేవు. తెలంగాణమున 2020వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీనుండి ధరణియను పేరను, 2025వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీనుండి భూభారతియను పేరను భూముల లెక్కలు కంప్యూటరులలో నడుపబడుచున్నవి. పదవ తరగతి మార్కులు, పరీక్షల హాలుటిక్కెట్టులు, బ్యాంకులోని పైకము, రేషను కార్డు, ఇవన్నియు నట్టి కంప్యూటరులలోనే యున్నవి. పెట్టె మారినది గాని ప్రశ్న మారలేదు. ఈ క్రొత్త పెట్టెకు తాళపుచెవులెన్ని? అవి యెవరెవరి చేతులలో నున్నవి?

ఈ ప్రశ్న కంప్యూటరు కొలువులవారికి మాత్రమే సంబంధించినదని కొందరు తలంపవచ్చును. అది సరికాదు. మన మరిపెడ వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు రాజమార్గముపై నున్నది. ఆ మార్గమున బస్సెక్కి వరంగల్లునకును హైదరాబాదునకును చదువులకై పోయిన మన ప్రాంతపు పిల్లలలో పలువురు నేడిట్టి కంప్యూటరులను కాపాడు కొలువులలో నున్నారు. మీలోను ననేకులు రేపట్టి పనులకే పోవుదురు. పోనివారును, అట్టివారు కాపాడు లెక్కలపై నాధారపడియే బ్రదుకవలయును. కావున గణితపు చిక్కులలోనికి దిగక, తల్లిదండ్రులకును విద్యార్థులకును తెలియునట్లు ఈ విషయమును వివరింప బూనితిమి.

సర్వరనగా నేమి?

సర్వరును ఒక కంప్యూటరే. కాని దానికి తెర యుండదు, దాని యెదుట కూర్చుండువారును ఉండరు. అది చల్లని గదిలో, బీరువాలవంటి అరలలో, తనవంటి వేలకొలది యంత్రములతో గూడియుండి, రేయింబవళ్లు అడిగినవారికి అడిగినది అందించుచుండును. అమెజాన్ సంస్థవారు ముంబయిలో 2016వ సంవత్సరమునను, హైదరాబాదులో 2022వ సంవత్సరమునను ఇట్టి సర్వరుశాలలను తెరచి, ఇల్లు అద్దెకిచ్చినట్లు కంప్యూటరులను అద్దెకిచ్చుచున్నారు. అద్దెకు తీసికొన్నవాడు ఆ యంత్రమును కన్నులార చూచుట యైన నుండదు. తన బల్లయొద్ద కూర్చుండి దూరమునుండియే ఆజ్ఞలు వ్రాసి పంపును. సర్వరునందు ఆ ఆజ్ఞలను గ్రహించి నెరవేర్చు భాగమునకు షెల్ అని పేరు. షెల్‌లో ప్రవేశించినవాడు లెక్కలను చదువగలడు, దిద్దగలడు, తుడిచివేయను గలడు. ఇట్టి ద్వారమును ఎవరికి తెరువవలెనను విషయమే ఈ వ్యాసమునకు మూలము.

పోస్టుకార్డునుండి మూసిన కవరునకు

పూర్వము దూరపు కంప్యూటరులోనికి పోవుటకు టెల్నెట్ అను సాధనమును వాడుచుండిరి. అందు వ్రాసిన మాటలన్నియు, పాస్‌వర్డుతో సహా, పోస్టుకార్డుపై వ్రాసిన జాబువలె నుండెడివి. దారిలో నెవరైన పొంచియున్నచో చదువుకొనవచ్చును. 1995వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందలి హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున నట్లే జరిగెను. ఎవరో ఆ విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో చాటుగా ఒక ప్రోగ్రామును పెట్టి, దారిన పోవు పాస్‌వర్డులను పోగుచేసిరి. అచ్చట పరిశోధకులుగా నుండిన టాటూ యిలొనెన్ అనువారు దీనిని చూచి, ఇరువైపుల మాటలను గూఢలిపిలో మూసి పంపు సాధనమును రచించి, ఆ సంవత్సరము జూలై నెలలో అందరికి నుచితముగా నొసగిరి. దానికే సెక్యూర్ షెల్ అని పేరు. వాడుకలో ఎస్.ఎస్.హెచ్. అందురు. 1999వ సంవత్సరమున ఓపెన్ బి.ఎస్.డి. బృందమువారు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. అను రూపమును వెలువరించిరి. నేడు లోకమందలి లైనక్స్ సర్వరులలో మిక్కిలి వ్యాప్తిలో నున్నది ఇదియే. పోస్టుకార్డు పోయి, మైనముతో ముద్రించిన కవరు వచ్చెనని చెప్పవచ్చును.

నమూనా సంతకము

కవరు మూసినది సరియే. కాని దానిని పంపినవాడెవడు? ఇచ్చట బ్యాంకు పద్ధతి నొకదానిని జ్ఞప్తికి దెచ్చుకొందము. ఖాతా తెరచునపుడు బ్యాంకువారు మన నమూనా సంతకమును తీసికొని దాచుదురు. పిదప చెక్కు వచ్చినపుడు ఆ చెక్కుమీది సంతకమును నమూనాతో పోల్చి చూతురు. సంతకము చేయు చేయి మనయొద్దనే యుండును. బ్యాంకుయొద్ద నున్నది పోల్చుకొనుటకు నమూనా మాత్రమే.

సెక్యూర్ షెల్‌లో మేలైన పద్ధతియు నిట్టిదే. 1976వ సంవత్సరమున డిఫీ, హెల్‌మన్ అను అమెరికా పండితులు జంట తాళపుచెవుల భావమును లోకమునకు ప్రకటించిరి. 1977వ సంవత్సరమున రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు దానికొక గణితరూపమును కనుగొనిరి. ఈ పద్ధతిలో ప్రతి మనిషికిని ఒక జంట యుండును. అందొకటి ప్రైవేటు కీ. అది యతని కంప్యూటరును విడిచి పోరాదు. రెండవది పబ్లిక్ కీ. అది నమూనా సంతకమువంటిది, ఎవరి కిచ్చినను ప్రమాదము లేదు. సర్వరులో ఆథరైజ్డ్ కీస్ అను చిన్న ఫైలుండును. లోనికి రాదగినవారి పబ్లిక్ కీలను అందు ఒక్కొక్క పంక్తిగా వ్రాయుదురు. మనిషి వచ్చినపుడు, ఆ సంభాషణకు మాత్రమే చెల్లు ఒక గుర్తుపై అతని కంప్యూటరు ప్రైవేటు కీతో సంతకము చేసి పంపును. సర్వరు దానిని నమూనాతో సరిచూచుకొని తలుపు తెరచును. చేతి సంతకమును నేర్పరి యొకడు అనుకరింపవచ్చును. ఈ సంతకమును నమూనా చూచి అనుకరించుట నేటి కంప్యూటరులకు సాధ్యము కాదు. రహస్యము దారిలో ప్రయాణము చేయదు గనుక దారిలో పొంచియున్నవానికి దొరకునదేమియు లేదు.

సర్వరునకు మనలను గుర్తించుట యెంత యవసరమో, మనము సర్వరును గుర్తించుటయు నంత యవసరము. అందుచేత ప్రతి సర్వరునకును తన జంట తనకుండును. మొదటిసారి పోయినపుడు సర్వరు తన వ్రేలిముద్రవంటి గుర్తును చూపును. చాలమంది దానిని చదువకయే ఔనని నొక్కివేయుదురు. అది తగదు. ప్రోగ్రాములను దాచుకొను ప్రసిద్ధ స్థలమగు గిట్‌హబ్‌వారి సర్వరు ప్రైవేటు కీ యొకటి 2023వ సంవత్సరము మార్చి నెలలో కొద్దికాలము బహిరంగముగా కనబడెను. తోడనే వారు దానిని మార్చి, క్రొత్త గుర్తును ప్రకటించిరి. పాత గుర్తును దాచుకొన్న కంప్యూటరులన్నియు ఆ దినమున హెచ్చరిక చూపినవి. ఆ హెచ్చరికను చదివి, ప్రకటనతో పోల్చి చూచినవాడే జాగ్రత్తపరుడు.

ఒకరు కాక పదుగురున్నచో

ఇంతవరకు ఒక మనిషి, ఒక సర్వరు. కాని కార్యాలయములలో పదుగురు పనివారును, ముప్పది సర్వరులును ఉందురనుకొందము. ఇచ్చటనే కష్టము మొదలగును. తొందరలో నున్న కార్యాలయమువారు సులభమార్గము నొకదానిని త్రొక్కుదురు. ఒకే ఖాతా, ఒకే ప్రైవేటు కీ తయారుచేసి పదుగురికిని పంచిపెట్టుదురు. పని సాగును. ఎవరికిని అడ్డులేదు. కొన్నాళ్లకు పాత పనివారు పోయి క్రొత్తవారు వత్తురు. ఆ కీ ఎన్ని కంప్యూటరులలో, ఎన్ని పెన్‌డ్రైవులలో, ఎన్ని పాత ఉత్తరములలో నున్నదో చెప్పగలవారు మిగులరు.

ఇందలి కీడును హాస్టలు కొట్టుగది దృష్టాంతముతో చూడుడు. బియ్యపు గదికి ఒకే తాళపుచెవి యుండి, వంటవారు, వార్డెను, కాపలాదారు, గుమాస్తా, పెద్ద విద్యార్థి, ఈ యైదుగురును దానిని వంతులవారీగా వాడుచుండిరనుకొందము. ఒక ప్రొద్దున రెండు బస్తాలు తక్కువ వచ్చినవి. తీసినవా డొక్కడే కావచ్చును. కాని అనుమానము ఐదుగురిమీదను పడును. నలుగురు నిరపరాధులు తాము నిరపరాధులమని చూపుకొనుటకు దారిలేక తలవంచుకొని నిలువవలసివచ్చును. ఎవరి తాళపుచెవి వారికుండి, తలుపు తెరచినవారి పేరు, వేళ ఒక పుస్తకమున నెక్కుచుండినయెడల ఆ నలుగురును తలయెత్తి నడువగలరు. వేరువేరు కీలిచ్చుట పనివారిని నమ్మకపోవుటయని కొందరు చిన్నబుచ్చుకొందురు. నిజమునకు అది నమ్మకస్థుని మర్యాదను కాపాడు ఏర్పాటు. ఈ మాటను మీరు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

మన రాష్ట్రమున జరిగిన సంగతి

ఇట్టి లెక్క తప్పినయెడల నెంత నష్టము కలుగునో మన రాష్ట్రము 2023వ సంవత్సరమున చూచినది. తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమీషను నడిపిన ఉద్యోగపరీక్షల ప్రశ్నపత్రములు బయటికి పోయినవని ఆ మార్చి నెలలో బయల్పడెను. పోలీసులు కేసు పెట్టి పలువురిని నిర్బంధించిరి. వారిలో కమీషను కార్యాలయపు ఉద్యోగి యొకరును, అచ్చటి కంప్యూటరు నెట్‌వర్కును చూచుకొనువా రొకరును ఉండిరి. రహస్యవిభాగపు కంప్యూటరునుండి అనుమతి లేకుండ ప్రశ్నపత్రములు తీయబడినవని పోలీసులు చెప్పిరి. 503 ఉద్యోగములకై 2022వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్షను కమీషనువారు 2023వ సంవత్సరము మార్చి 17వ తేదీన రద్దుచేసిరి. మరికొన్ని పరీక్షలును రద్దయినవి. ఆ యొక్క గ్రూపు-1 పరీక్షను వ్రాసినవారే రెండున్నర లక్షలకు మించియుండిరి. వారిలో కూలిచేసి చదివించిన తల్లిదండ్రుల బిడ్డలెందరు! గ్రంథాలయములలో ఏండ్లతరబడి కూర్చుండి చదివినవారెందరు! వారందరును 2023వ సంవత్సరము జూన్ 11వ తేదీన మరల పరీక్షకు కూర్చుండవలసివచ్చెను.

ఆ సంగతి దూరపు సర్వరులను గూర్చినది కాదు, ఒక కార్యాలయములోని కంప్యూటరులను గూర్చినది. కాని పాఠము మన విషయమునకు సరిగా నతుకును.  తలుపు లోపలివారివలననే తెరువబడెననుట పోలీసుల మాట. సర్వరులకును ఇదే అపాయము. గూఢలిపిని ఛేదించుట కష్టము; అజాగ్రత్తగా నుంచిన తాళపుచెవిని తీసికొనుట సులభము. కావున జాగ్రత్త తాళమునందు కంటె తాళపుచెవుల లెక్కయందు హెచ్చుగా నుండవలయును.

ఎవరి కీ వారిదే

లెక్క నడుపుటకు మొదటి నియమము, ఒక మనిషికి ఒక పేరు, ఆ పేరున ఒక కీ. పనివాడు తన కీజంటను తన కంప్యూటరులోనే తయారుచేసికొని, పబ్లిక్ కీని మాత్రమే అధికారికి పంపవలయును. అధికారి తానే జంటను తయారుచేసి ప్రైవేటు కీని ఉత్తరములో పంపుట తప్పు. అట్లు పంపిన ప్రైవేటు కీ ఇద్దరియొద్దను, దారిలోను మిగులును. పనివాడు తన ప్రైవేటు కీని మరల ఒక రహస్యవాక్యముతో మూసియుంచవలయును. కంప్యూటరు దొంగిలింపబడినను ఆ వాక్యము తెలియనిదే కీ పనిచేయదు. క్రొత్తగా చేయువారు ఎడ్ 25519 అను రకమును గాని, 3072 బిట్లకు తక్కువగాని ఆర్.ఎస్.ఏ. రకమును గాని యెన్నుకొనుట మంచిది. ఇట్లందరికిని కీలు కుదిరినపిదప, పాస్‌వర్డుతో లోనికి వచ్చు దారిని సర్వరునందు మూసివేయవలయును. లేనియెడల లోకమందలి దొంగ ప్రోగ్రాములు రేయింబవళ్లు వేలకొలది పాస్‌వర్డులను 22వ ద్వారమున పెట్టి చూచుచునే యుండును.

కీ యెప్పుడు, ఏ యంత్రమున తయారైనదో వ్రాసియుంచుటయు నవసరమే. ఏలయన 2008వ సంవత్సరము మే నెలలో నొక సంగతి తెలియవచ్చెను. డెబియన్ అను లైనక్స్ రూపమున సుమారు రెండేండ్లుగా కీలను తయారుచేయు భాగమున లోపముండి, ఒక్కొక్క రకమున 32,768 కీలకు మించి పుట్టుటకు వీలు లేకపోయినది. అన్నియు నెవరైన ముందే తయారుచేసి పెట్టుకొని, ఒక్కొక్కటి పెట్టి చూడవచ్చును. ఆ కాలమున పుట్టిన కీలను వెంటనే మార్చవలసివచ్చెను. తమ కీల పుట్టుక లెక్క వ్రాసియుంచినవారు మార్చవలసినవానిని తోడనే యేరుకొనగలరు. లెక్క లేనివారు అన్నిటిని అనుమానింపవలసినదే.

పనికి తగినంత అధికారము

రెండవ నియమము, పనికి ఎంత కావలెనో అంతే యిచ్చుట. వంటవానికి బియ్యపు గది తాళపుచెవి చాలును. పైకపు పెట్టె తాళపుచెవి అక్కరలేదు. లైనక్స్ సర్వరులలో రూట్ అను సర్వాధికారపు ఖాతా యొకటి కలదు. దానికి అసాధ్యమైనది లేదు. అందరును ఆ పేరననే లోనికి వచ్చుచున్నయెడల చేసినవాడెవడో వ్రాతలో తెలియదు. కావున రూట్ పేరన దూరమునుండి వచ్చుటను నిషేధించి, ఎవరి పేరన వారు లోనికి వచ్చి, అవసరమైనపుడు మాత్రము సుడో అను సాధనముతో హెచ్చు అధికారమును వాడుకొనునట్లు ఏర్పాటు చేయుదురు. సుడో ఏ మనిషి ఏ ఆజ్ఞను ఎప్పుడు వాడెనో వ్రాసిపెట్టును. లెక్కలు చదువవలసినవారికి చదువుటకే, దిద్దవలసినవారికి దిద్దుటకే అనుమతి నిచ్చినయెడల, ఒకరి కీ దొంగిలింపబడినను నష్టము ఆ మేరతో నిలుచును.

వచ్చిన దినము, పోయిన దినము

మూడవ నియమము మిక్కిలి సులభము, మిక్కిలి తరచుగా మరువబడునది. పని విడిచిపోయిన దినముననే కీని తీసివేయవలయును. పదుగురు పనివారు, ముప్పది సర్వరులు ఉన్నచో ఆథరైజ్డ్ కీస్ ఫైలులన్నిటిలో గలసి 300 పంక్తులుండును. ఒకరు పోయినపుడు ముప్పది చోట్ల ముప్పది పంక్తులను తుడువవలయును. చేతితో చేయుచో ఇరువదియెనిమిది తుడిచి రెండు మరచుట మానవ సహజము. ఆ రెండును ఏండ్లతరబడి తెరచిన కిటికీలవలె నుండిపోవును. కావున తెలిసినవారు ఫైలులను చేతితో దిద్దరు. అసలు జాబితాను ఒకచోట నుంచి, ఆన్సిబుల్ వంటి సాధనముతో అన్ని సర్వరులకును ఒకేసారి పంపుదురు. జాబితాలో లేని పంక్తి సర్వరులో కనబడినచో దానిని తుడిచివేయుదురు. హాజరుపట్టీ యొకటే యుండి, దాని నకలే ప్రతి గదిగోడకు అంటింపబడినట్లన్నమాట.

ఇచ్చట రెండు మెలకువలు చెప్పవలయును. ఒకటి, పంక్తిని తుడిచినంతమాత్రమున అప్పటికే లోననున్నవాడు బయటికి పోడు. అతని సంభాషణను వేరుగా ముగింపవలయును. రెండవది, మనుష్యుల కీలేగాక యంత్రముల కీలును ఉండును. రాత్రివేళ నకళ్లు తీయుట మొదలగు పనులకై ఒక సర్వరు మరియొక సర్వరులోనికి తానుగా పోవుటకు వానిని చేయుదురు. చేసినవాడు కొలువు విడిచిపోయినను ఆ కీలు మిగిలిపోవును. అమెరికా దేశపు ప్రమాణముల సంస్థయగు నిస్ట్‌వారు 2015వ సంవత్సరము అక్టోబరులో ఈ విషయముపై నొక పత్రమును వెలువరించిరి. ఉన్న కీలన్నిటి పట్టిక వ్రాయుడు, ప్రతిదానికిని యజమాని నేర్పరచుడు, అక్కరలేనివానిని తీసివేయుడని అందు చెప్పిరి. ఆ పత్రమును రచించినవారిలో సెక్యూర్ షెల్ కనిపెట్టిన యిలొనెన్‌గారును ఒకరు. తాళమును చేసినవారే ఇరువదియేండ్లకు తాళపుచెవుల లెక్కను గూర్చి వ్రాయవలసివచ్చెననుట గమనింపదగినది.

బస్సు పాసు పద్ధతి

పనివారు వందలకొలదిగా నున్నచో జాబితా పద్ధతియు బరువగును. దీనికొక చక్కని యుపాయము 2010వ సంవత్సరమునుండి ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.లో గలదు. దానిని సర్టిఫికెట్టు పద్ధతి యందురు. మన పిల్లలకు ఆర్.టి.సి. బస్సు పాసు తెలిసినదే. కండక్టరుయొద్ద పాసులు పొందిన పిల్లలందరి పేర్ల జాబితా యుండదు. అతడు చూచునవి మూడే: పాసుపై సంస్థ ముద్ర యున్నదా, అది ఈ పిల్లవానిదేనా, తేదీ మించిపోలేదా. సర్టిఫికెట్టును నట్టిదే. కార్యాలయపు ముద్రాధికారి యొకరు పనివాని పబ్లిక్ కీపై తన సంతకము చేసి, ఏ పేరన లోనికి పోవచ్చునో, ఏ గంటవరకు చెల్లునో అందు వ్రాసి యిచ్చును. ప్రతి సర్వరునకును ముద్రాధికారి నమూనా యొక్కటి తెలిసియుండిన చాలును. ప్రొద్దున నిచ్చిన సర్టిఫికెట్టు సాయంకాలమునకు తానే చెల్లకపోవునట్లు చేసినచో, పని విడిచినవానికి మరునాడు క్రొత్తది యియ్యకుండుటయే చాలును. తుడుచుట మరచిపోయినను తలుపు తానే మూసికొనును.

కాని పాసులచ్చువేయు ముద్ర దొంగచేతిలో పడినయెడల నెన్ని దొంగపాసులైన పుట్టును. అట్లే ముద్రాధికారి ప్రైవేటు కీ యన్నిటికంటె విలువైనది. దానిని నిత్యము వాడు కంప్యూటరులలో నుంచక, వేరుగా భద్రపరుపవలయును. గడువు తీరకముందే పోయిన సర్టిఫికెట్టులకై చెల్లనివాని జాబితా నొకదానిని సర్వరులకు తెలుపవలయును.

ఒకే ద్వారము, ఒకే పుస్తకము

ప్రహరీకి పది గేట్లున్న బడిలో వచ్చి పోవువారిని కనిపెట్టుట కష్టము. గేటొక్కటే యుండి, అచ్చట కాపలాదారు పుస్తకముతో కూర్చుండినచో సులభము. అట్లే ముప్పది సర్వరులను లోకమంతటికి తెరచియుంచక, బాస్టియన్ అను ద్వారసర్వరు నొకదానిని బయటకు చూపి, మిగిలినవానిలోనికి దానిగుండనే పోవునట్లు చేయుదురు. ఎవరు ఎప్పుడు వచ్చిరి, ఎచ్చటికి పోయిరియను వ్రాతలు అచ్చట చేరును. ఆ వ్రాతలను అదే సర్వరులో నుంచినచో దొంగ లోనికి వచ్చి తన యడుగుజాడలను తుడిచివేయును. కావున వెంటనే వేరొక యంత్రమునకు పంపవలయును. మన దేశమున సెర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థ 2022వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన ఇచ్చిన యుత్తరువులలో, ఇట్టి వ్రాతలను 180 దినములు దాచియుంచవలెననియు, దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలో తమకు తెలుపవలెననియు నియమించినది.

ఇన్ని కట్టుబాట్లలో ఒక సంగతిని మరువరాదు. ముద్రాధికారి జబ్బుపడి, ద్వారసర్వరు చెడిపోయినపుడు పని నిలిచిపోరాదు. ఇందులకై అత్యవసరపు కీ నొకదానిని చేసి, ముద్రించిన కవరులో నుంచి, ఇద్దరు పెద్దలు కలసియే తెరువవలెనని నిర్ణయింతురు. తెరచిన దినము, కారణము వ్రాయుదురు. వాడినపిదప దానిని మార్చుదురు. మూడు నెలలకొకసారి జాబితాను ముందుంచుకొని, ఈ పేరుగలవాడు ఇంకను మనయొద్ద నున్నాడా, ఈ పని యింకను చేయుచున్నాడాయని యొక్కొక్క పంక్తిని అడుగుచు పోవుటయు నవసరము. ఇందు గొప్ప విద్య యేమియు లేదు. కావలసినది ఓపిక మాత్రమే.

విద్యార్థులకు ఒక మాట

పిల్లలారా, అనుమతి లేకుండ నితరుల కంప్యూటరులోనికి పోవుట చమత్కారము కాదు, నేరము. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66వ విభాగము ప్రకారము, దురుద్దేశముతో నట్లు చేసినవారికి మూడేండ్లవరకు చెరసాలయు, ఐదులక్షల రూపాయలవరకు జుల్మానాయు విధింపవచ్చును. తలుపు తాళములేక యుండెననుట అచ్చట సమాధానము కానేరదు. అట్లే మీ పాస్‌వర్డును స్నేహితునికి చెప్పుట స్నేహధర్మము కాదు. అతడు మంచివాడే కావచ్చును. కాని రేపేదైన జరిగినపుడు మీరిరువురును అనుమానమునకు పాత్రులగుదురు.

తల్లిదండ్రులును ఈ పద్ధతిని ఇంటిలో నాచరింపవచ్చును. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. సంఖ్య యొక్క గంటలోపుననే చచ్చిపోవు చిన్న తాళపుచెవి. దానిని ఫోనులో నడిగినవాడు బ్యాంకువాడనని చెప్పినను ఇయ్యరాదు. మీ సేవ కేంద్రమునకు పోయి కాగితములను తెచ్చుకొన్నపుడు, అచ్చటి కంప్యూటరులో మీ ఖాతా తెరచియుండిపోకుండ మూయించి రావలయును.

కంప్యూటరు కొలువులలో చేరబోవు విద్యార్థులు మొదటి దినమున తమ కీని అడుగునపుడు, నా కియ్యవలసినది ఎంత, అది యెప్పటివరకు, నేను పోవునాడు దానిని తీసివేయువారెవరు, ఈ మూడు ప్రశ్నలను కూడ నడుగవలెను. జవాబు దొరకని కార్యాలయమున, ఆ జాబితాను వ్రాయుటయే మీ మొదటి పని కానిండు. మన రైతుల పొలముల లెక్కయు, మన పిల్లల మార్కుల లెక్కయు ఆ జాబితా సరిగా నుండుటపై నాధారపడి యున్నవి.